ఓనా జడ్జ్ కథ కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

2026 జూలై 4కి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వచ్చి 250 ఏళ్లు. ఆ సందర్భంగా వేసే వ్యాసాల్లో జార్జ్ వాషింగ్టన్ వీలునామా రాసి బానిసలను విడిపించాడన్న మాట తప్పకుండా వస్తుంది. ఆ వీలునామా ఆయన సొంత బానిసలు 123 మందికే వర్తించింది. భార్య మార్తా మొదటి భర్త ఆస్తి కింద వచ్చిన 153 మంది ఆమె పోయాక మనవల వాటాలకు వెళ్లారు. ఓనా జడ్జ్ అనే బానిస యువతి కూడా ఆ ఆస్తి కింద లెక్కే.

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియాలో, అధ్యక్షుడైన వాషింగ్టన్ ఇంట్లో ఓనా మార్తాకు బట్టలు కుట్టేది, ముస్తాబు చేసేది. బయటి రాష్ట్రంవాళ్లు తెచ్చుకున్న బానిసలు పెన్సిల్వేనియాలో ఆరు నెలలు ఉంటే స్వేచ్ఛ అడగొచ్చని అక్కడి చట్టం. అందుకని ఆ గడువు నిండకుండానే వాళ్లను రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చేవారు. ఈ సంగతి వాళ్లకూ జనానికీ తెలియకుండా చూడమని 1791లో వాషింగ్టనే తన కార్యదర్శికి ఉత్తరం రాశాడు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది.

తనను మార్తా మనవరాలికి ఇచ్చేస్తారని ఓనాకు తెలిసింది. కూతురికి పెళ్లి చేసి, వెంట ఆడబాపను, అంటే దాసీపిల్లను కూడా పంపిన దొరల గడీలు మా తెలంగాణలోనూ ఉండేవి కాబట్టి ఆ మాటకు అర్థమేమిటో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1796 మే 21న వాషింగ్టన్ దంపతులు భోజనం చేస్తుండగా ఓనా ఇల్లు వదిలింది, ఓడెక్కి న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. పట్టిస్తే 10 డాలర్లు ఇస్తామని పేపర్లో ప్రకటన వేశారు. వెళ్లిపోయేంత కారణమే లేదని అందులో రాశారు. బాగా చూసుకున్నాం కదా అనేవాళ్లకు ఆ కారణం ఎప్పటికీ కనపడదు. మీరూ మార్తా పోయాక నాకు విడుదల ఇస్తామంటే తిరిగొస్తానని ఓనా కబురు పంపితే వాషింగ్టన్ ఒప్పుకోలేదు. 1799లో మార్తా మేనల్లుడు ఆమెను తీసుకుపోవడానికి వచ్చాడు. ముందే తెలిసి ఓనా గ్రీన్‌లాండ్ అనే ఊరికి తప్పించుకుంది.

తర్వాత బతుకు కష్టంగానే గడిచింది. భర్త, పిల్లలు ఆమెకంటే ముందే పోయారు. వెళ్లిపోయినందుకు విచారం లేదా అని ముసలితనంలో ఒక పత్రికవాళ్లు అడిగితే, లేదు, నేను స్వతంత్రురాలిని అంది. 1848లో చనిపోయే నాటికీ చట్టం లెక్కలో ఆమె బానిసే.

మీ ప్రత్యేక సంచికలో వాషింగ్టన్ ఫొటో ఎలాగూ ఉంటుంది. అదే పేజీలో ఓనా జడ్జ్ కథకు ఒక కాలమ్ ఇవ్వండి.

— ఒక పాఠకురాలు, సూర్యాపేట