సరాసరి అంకె కాదు, కుళాయి దగ్గరి అంకె కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మా నగర నీటి సరఫరా విభాగం వెలువరించిన వార్షిక నాణ్యతా నివేదికలో ట్రైహాలోమీథేన్ల (నీటిలో క్లోరిన్ కలిపినప్పుడు పుట్టే ఒక రకం రసాయనాల) గురించి ఉన్నది ఒకే ఒక్క గడి. అందులో నగరమంతటికీ, ఏడాది పొడవుకూ కలిపి తీసిన సరాసరి అంకె, దాని పక్కనే ‘పరిమితికి లోబడి ఉంది’ అన్న మాట ఉన్నాయి. ఆ గడిని చూసి నిశ్చింతగా ఉండలేక ఈ లేఖ రాస్తున్నాను.

నేను క్లోరిన్‌కు వ్యతిరేకిని కాను. కలరా, టైఫాయిడ్‌లను నగరాల నుంచి తరిమికొట్టడంలో దాని పాత్ర ఎంతో పెద్దది. క్లోరిన్ వల్ల పుట్టే ఇలాంటి ఉప ఉత్పన్నాలను తగ్గించే ప్రయత్నంలో క్రిమిసంహారం విషయంలో రాజీ పడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. అయితే నదుల, జలాశయాల నీటిలో కుళ్లిన ఆకులూ అలములూ వదిలిన సేంద్రియ పదార్థం ఉంటుంది. క్లోరిన్ దానితో కలిసి క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేన్లను పుట్టిస్తుందని 1974లోనే బయటపడింది. ఇలాంటి నీటిని ఏళ్ల తరబడి వాడటానికీ మూత్రాశయ క్యాన్సర్‌కూ సంబంధం ఉండవచ్చని పలు అధ్యయనాలు సూచించాయి. అది తిరుగులేకుండా రుజువు కాకపోయినా, మొత్తం ట్రైహాలోమీథేన్లు లీటరుకు 80 మైక్రోగ్రాములు మించరాదని అమెరికా, 100 మించరాదని ఐరోపా సమాఖ్య హద్దు పెట్టుకున్నాయి.

నా అభ్యంతరమల్లా సరాసరి మీదే. నీరు శుద్ధి కేంద్రం దాటాక కూడా, అందులో క్లోరిన్, సేంద్రియ పదార్థం మిగిలి ఉన్నంతసేపూ ట్రైహాలోమీథేన్లు పెరుగుతూనే ఉంటాయి. నీరు వేడెక్కిన కొద్దీ ఆ పెరుగుదల ఇంకా జోరందుకుంటుంది. కేంద్రానికి ఆనుకుని ఉన్న వీధిలో చలికాలం పట్టిన నీరూ, ట్యాంకులో నిలవుండి, పొడవాటి గొట్టాల్లో ప్రయాణించి, నడివేసవిలో చిట్టచివరి ఇంటికి చేరే నీరూ ఒకటి కావు. మాటవరసకు నాలుగు చోట్ల 40, 40, 50, 130 వచ్చాయనుకుందాం. సరాసరి 65, కాబట్టి కాగితం మీద అంతా సవ్యమే; నాలుగో ఇంటివారు మాత్రం 130 ఉన్న నీరే తాగుతుంటారు. ఈ లోపాన్ని గుర్తించే అమెరికా 2006లో నిబంధన మార్చి, ఏ నమూనా కేంద్రానికి (పరీక్ష కోసం నీరు పట్టే చోటుకి) ఆ కేంద్రం వార్షిక సరాసరే పరిమితికి లోబడి ఉండాలని ఆదేశించింది.

కొనుక్కున్న నీళ్లు తాగితే సరిపోతుందనే వారికి ఒక మాట. క్లోరోఫాం ఇట్టే ఆవిరయ్యే పదార్థం. తలుపు మూసిన స్నానాల గదిలో వేడినీళ్లు పోసుకునేటప్పుడు అది ఊపిరితోనూ, చర్మం గుండానూ ఒంట్లోకి చేరుతుంది. అందుకే పరీక్షకు పంపే నమూనాను గాజు సీసాలో అంచుదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి చూస్తారు. చిన్న గాలిబుడగ కనిపించినా ఆ నమూనా పనికిరాదు, ఎందుకంటే కొలవవలసినది ఆ బుడగలోకే జారుకుంటుంది. మా నగరంలో ఇంత జాగ్రత్తగా నమూనాలు తీస్తున్నారో లేదో, ఏ కుళాయి దగ్గర తీస్తున్నారో నివేదికలో ఒక్క ముక్క లేదు.

దీనికి మందు క్లోరిన్ తగ్గించడం కాదు, క్లోరిన్ తగలకముందే సేంద్రియ పదార్థాన్ని తీసేయడం. పటిక మోతాదు సరిచూసి మడ్డిని బాగా పేరుకోనివ్వడం, వడపోత ముగిశాకే ప్రధాన క్లోరిన్ మోతాదు వేయడం, అవసరమైన చోట సేంద్రియ పదార్థాన్ని పట్టి ఉంచే ఉత్తేజిత బొగ్గు వాడటం, చివరి గొట్టాల్లో నిలిచిన నీటిని ఎప్పటికప్పుడు వదిలేయడం అన్నీ తెలిసిన పనులే. ఖర్చు అవుతుంది, కాదనను. ఆ ఖర్చు ఏ వీధికి ముందు పెట్టాలో తేలాలంటే వీధివారీ అంకెలు ఉండాలి కదా.

కాబట్టి ప్రతి నమూనా కేంద్రం ఫలితాన్ని మూడు నెలలకోసారి, తీసిన తేదీ, నీటి ఉష్ణోగ్రత, మిగులు క్లోరిన్ వివరాలతో సహా విడివిడిగా ప్రకటించాలని, గొట్టం చివర ఉన్న కాలనీలను నమూనా కేంద్రాల్లో తప్పనిసరిగా చేర్చాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను. రాబోయే వేసవి నమూనాలతోనే ఇది మొదలుపెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు