వర్చువల్ టేబుళ్ల సంబంధాలను సరిచేసిపెట్టిన వారికి కృతజ్ఞతలు

గుంటూరు మిర్చి యార్డులో కొనుగోళ్లు ముమ్మరంగా సాగుతున్న సమయంలో మా సంస్థ లెక్కల వ్యవస్థకూ గోదాముల యాప్‌కూ మధ్య తెగిపోయిన సంబంధాలను తిరిగి కలిపిన విజయవాడ ఇంజనీరు గారికి, ఆమెకు కావలసిన వివరాలన్నీ ఓపికగా అందించిన మా అకౌంట్స్ పెద్దాయనకు, కోల్డ్ స్టోరేజీ గుమాస్తా గారికి సంస్థ తరఫున అందరి ఎదుటా ధన్యవాదాలు తెలియజేస్తున్నాను. పేరు రాయవద్దని ఆమె కోరినందువల్ల రాయడం లేదు. అయితే ఆమె చేసిన పని ఏమిటో వివరంగా చెప్పకపోతే ఈ కృతజ్ఞత సగమే అవుతుందని నా అభిప్రాయం.

మా కొనుగోళ్లు, చెల్లింపులు, నిల్వల లెక్కలు మైక్రోసాఫ్ట్ వారి లెక్కల సాఫ్ట్‌వేర్ డైనమిక్స్ 365 ఫైనాన్స్‌లో ఉంటాయి. యార్డులోనూ కోల్డ్ స్టోరేజీల వద్దా తిరిగే సిబ్బంది వాడే యాప్ మైక్రోసాఫ్ట్ వారిదే అయిన డేటావర్స్ అనే డేటా వేదిక మీద నడుస్తుంది. తేజ, 334, 341 రకాల మిర్చి లాట్ల వివరాలను రెండు చోట్లా విడివిడిగా దాచకుండా వర్చువల్ టేబుళ్ల ద్వారా చూపిస్తాము. అంటే లాటు వివరం ఫైనాన్స్‌లోనే ఉంటుంది. యాప్ తెరిచినప్పుడు డేటావర్స్ దానిని అప్పటికప్పుడు అడిగి తెచ్చి చూపుతుంది. అందువల్ల అంకెలు ఎప్పుడూ తాజాగానే ఉంటాయి. కానీ ఏ లాటు ఏ కోల్డ్ స్టోరేజీకి చెందుతుందో తెలిపే సంబంధం మాత్రం అలా ప్రతిసారీ అడిగి తెచ్చేది కాదు. అది వర్చువల్ టేబుల్‌ను తయారు చేసినప్పుడు డేటావర్స్ తన దగ్గర రాసిపెట్టుకున్న వర్ణన. ఫైనాన్స్ వైపు ఆ సంబంధం మారితే ఇటువైపు వర్ణన దానంతట అదే మారదు.

ఈ సీజన్‌లో జరిగింది అదే. లాటు ఎంటిటీకి (ఫైనాన్స్‌లో ఒక రకమైన వివరాలను కలిపి ఉంచే అమరికకు) కోల్డ్ స్టోరేజీతో ఒకటి, అందులోని ఛాంబరుతో (గదితో) మరొకటి కొత్త సంబంధాలు ఫైనాన్స్‌లో చేరాయి. యాప్‌లో లాటు తెరుచుకునేది, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం సరిగ్గానే కనిపించేవి, కానీ సరుకు ఎక్కడ ఉందో చూపవలసిన భాగం రాలేదు. లోడింగుకు లారీలు వచ్చి నిలబడితే మా వాళ్లు ప్రతి లాటుకూ ఆఫీసుకు ఫోను చేసి అడగవలసి వచ్చింది. ప్రతి రాత్రీ మొత్తం సమాచారాన్ని ఒక మామూలు టేబుల్‌లోకి నకలు తీసుకుంటే సరిపోతుందని కొందరు సూచించారు. ఆమె దానికి ఒప్పుకోలేదు. మధ్యాహ్నం ఒక ఛాంబరు నుంచి మరొక దానికి మార్చిన లాటు రాత్రి వరకూ పాత చోటే కనిపిస్తుందని, ఆ లోపు లోడింగు తప్పు గుమ్మానికి వెళ్తుందని ఆమె చెప్పిన మాట పూర్తిగా సబబు.

ఆమె మొదట కేటలాగు, అంటే డేటావర్స్‌లోకి తేదగిన ఫైనాన్స్ ఎంటిటీల జాబితా, తెరిచారు. ఫైనాన్స్ ఎంటిటీ ఏదైనా డేటావర్స్‌లో వర్చువల్ టేబుల్‌గా రావాలంటే ఆ జాబితాలో దానికి ‘కనిపించాలి’ అని గుర్తు పెట్టాలి. సంబంధం ఏర్పడాలంటే దాని రెండు కొసల్లోని ఎంటిటీలూ అలా వచ్చి ఉండాలి. కోల్డ్ స్టోరేజీ ఎంటిటీకి ఎవరూ ఆ గుర్తు పెట్టి ఉండలేదు. ఆ పని చేసి, తరువాత లాటు ఎంటిటీని కూడా రిఫ్రెష్ చేయగానే (డేటావర్స్ తన వర్ణనను కొత్తగా రాసుకునేలా చేయగానే) మొదటి సంబంధం యాప్‌లోకి వచ్చింది.

ఛాంబరు సంబంధం మాత్రం రిఫ్రెష్ చేసినా రాలేదు. నాకు ఆమె ప్రతిభ పూర్తిగా అర్థమైంది ఇక్కడే. డేటావర్స్ ఇటువంటి సంబంధానికి పేరు పెట్టేటప్పుడు ముందు ఒక స్థిరమైన ఉపసర్గ, దాని తరువాత మూల ఎంటిటీ పేరు, ఆ తరువాత సంబంధం పేరు కలుపుతుంది. అలా తయారైన పేరు 120 అక్షరాలు దాటితే ఆ సంబంధం అసలు పుట్టదు. అంతా సవ్యంగా ఉన్నట్లే కనిపిస్తుంది, సంబంధం మాత్రం ఉండదు. మా ఎంటిటీ పేరూ సంబంధం పేరూ రెండూ చాలా పొడవైనవి. మా పెద్దాయన ఆ లాట్లను తొలగించి మళ్లీ ఎక్కిద్దామా అని అడిగితే, "బాబాయ్ గారూ, లాట్ల జోలికి వెళ్లవద్దు, ముందు పేర్లు కాగితం మీద రాసి అక్షరాలు లెక్కపెడదాం" అన్నారట. ఫైనాన్స్ వైపు సంబంధం పేరు కుదించి మరల రిఫ్రెష్ చేసిన వెంటనే ఛాంబరు వివరం కనిపించింది.

లాట్లను తొలగించవద్దని ఆమె అంత గట్టిగా చెప్పడానికి మరొక కారణం ఉంది. వర్చువల్ టేబుల్‌లోని ప్రతి వరుసకూ డేటావర్స్‌లో కనిపించే 16 బైట్ల గుర్తింపులో మొదటి 4 బైట్లు ఫైనాన్స్‌లోని టేబుల్ సంఖ్యవి, చివరి 8 బైట్లు ఆ రికార్డు సంఖ్యవి. రికార్డును తీసివేసి మళ్లీ ఎక్కిస్తే రికార్డు సంఖ్య మారుతుంది, దానితో గుర్తింపూ మారుతుంది. అంతకుముందు కొన్ని లాట్లు అలా మళ్లీ ఎక్కినందువల్ల, మేము డేటావర్స్‌లోనే దాచుకునే నాణ్యత పరీక్ష ఫోటోలు ఇప్పుడు ఉనికిలో లేని పాత గుర్తింపులకే అతుక్కుని ఉండిపోయాయి. వాటిని సరైన లాట్లకు జతచేయడానికి ఆధారమైనది కోల్డ్ స్టోరేజీ గుమాస్తా గారి రిజిస్టరు. అందులో బాండు (కోల్డ్ స్టోరేజీ ఇచ్చే నిల్వ రసీదు) నంబరు, లాటు నంబరు, దించిన తేదీ ఒకే వరుసలో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. తన డ్యూటీ ముగిసిన తరువాత కూడా కూర్చుని ఒక్కొక్క బాండూ చదివి వినిపించిన ఆయన ఋణం తీర్చుకోవడం కష్టం. ఆమె సలహా మేరకు ఇప్పుడు ప్రతి ఫోటోతోపాటు కంపెనీ కోడు, లాటు నంబరు, బాండు నంబరు కూడా దాస్తున్నాము. గుర్తింపు మారినా వాటి ద్వారా మళ్లీ కలపవచ్చు.

ఆమె ఈ పనికి రుసుము తీసుకోలేదు. ఫైనాన్స్‌లో ఏ ఎంటిటీ మారినా కేటలాగులో రెండు కొసలూ చూడడం, రిఫ్రెష్ చేయడం, పేరు పొడవు లెక్కించడం, యాప్‌లో ఒక లాటు తెరిచి సంబంధం వచ్చిందో లేదో కళ్లారా చూడడం అనే క్రమాన్ని తెలుగులో రాసి మాకు ఇచ్చారు. ఇతరులతో పంచుకోవడానికి ఆమె అనుమతించారు కనుక, గుంటూరు, విజయవాడ ప్రాంతాలలో ఇటువంటి ఏర్పాటుతో పనిచేసే వ్యాపార సంస్థలు ఏవైనా అడిగితే ఆ పత్రాన్ని ఆనందంగా పంపిస్తాము.