ఈసినోఫిల్స్ తగ్గాయని ఇన్‌హేలర్ మానేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆస్తమా ఉన్నవాళ్లు రిపోర్టు చేతికందగానే ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు తగ్గాయి కదా, ఇక ఇన్‌హేలర్ ఆపేయొచ్చా అని కొందరు, ఈ మందు ఒంట్లో రోగనిరోధక శక్తిని తినేస్తోందేమో అని ఇంకొందరు. డాక్టర్‌ను అడక్కుండా మానేసి, మళ్లీ ఆయాసంతో ఎమర్జెన్సీకి పరుగెత్తేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది.

బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు వాడితే రక్తంలో ఈసినోఫిల్స్ కొంత తగ్గడం మామూలే. ఈ తెల్లకణాలు ఎముక మజ్జలో పుట్టి, రక్తంలోంచి ఊపిరితిత్తులకు చేరి, శ్వాసనాళాల్లో వాపు పెంచుతాయి. వాటిని పుట్టించి బతికించే ఐఎల్-5 లాంటి సంకేతాలను స్టెరాయిడ్ అణిచేస్తుంది, ఉన్న కణాలు త్వరగా చనిపోయేలా కూడా చేస్తుంది. కాబట్టి కౌంట్ తగ్గితే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. ఆపితే మళ్లీ పెరుగుతాయి.

ఇక ఇమ్యూనిటీ భయం. స్టెరాయిడ్ మాత్రలు ఒళ్లంతా పాకుతాయి, వాటితో లింఫోసైట్లు అనే తెల్లకణాలు కూడా తగ్గి, న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు పెరుగుతాయి. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, ఎక్కువగా శ్వాసనాళాల్లోనే పనిచేస్తుంది, మామూలు డోసులో మిగతా కణాల కౌంట్ అంతగా మారదు. అసలు నష్టమే లేదని అనను. నోట్లో తెల్లపూత రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు, అందుకే పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, ఎక్కువ డోసు ఏళ్ల తరబడి వాడేవాళ్లు డాక్టర్ పర్యవేక్షణలో ఉండి తీరాలి.

ఇంకో సంగతి. ఈసినోఫిల్స్ కౌంట్ మైక్రోలీటర్ రక్తానికి 500 దాటితే ఎక్కువ అంటాం, కానీ ఏలికపాములున్నా అది పెరుగుతుంది, ఫైలేరియా (బోదకాలు పురుగు) వల్ల వచ్చే ఈసినోఫిలియాలో, అంటే ఈ కణాలు బాగా పెరిగే జబ్బులో అయితే 3000 కూడా దాటుతుంది, దాని మందు వేరు, డీఈసీ మాత్రలు. మన కోస్తా జిల్లాలకు ఫైలేరియా కొత్త కాదు. ఒక్క కౌంట్ చూసి ఆస్తమా అనో, కాదనో తేల్చేయడం సరికాదు. పైగా తీవ్రమైన ఆస్తమాకు మెపోలిజుమాబ్ లాంటి ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అనేదానికి ఈ కౌంట్‌లోనే 150, 300 అనే అంకెలు చూస్తారు. స్టెరాయిడ్ వాడుతున్న సంగతి డాక్టర్‌కు తెలియకపోతే ఆ లెక్కే తప్పుతుంది.

డాక్టర్లు పరీక్ష చీటీ మీద ఏ ఇన్‌హేలర్, ఎంత డోసు అన్నది రాస్తే మాకూ మేలు. మీ ఆరోగ్యం పేజీలో చలికాలం మొదలయ్యేలోపు ఈ విషయం మీద ఊపిరితిత్తుల డాక్టర్ చేత వివరంగా రాయించండి.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ