సన్నెన్‌జకా మెట్ల దగ్గర మా అమ్మను ఆదుకున్న పెద్దావిడకు

జపానులోని క్యోటో నుంచి ఇంటికి చేరి ఇంకా ఒక రోజు కూడా కాలేదు. పెట్టెలు హాలులో కట్టిన తాళ్లతో అలాగే ఉన్నాయి. అమ్మ కట్టు కట్టిన కుడి చేతిని దిండు మీద పెట్టుకుని పక్క గదిలో నిద్రపోతోంది. నాకు మాత్రం కన్ను మూతపడటం లేదు. ఇది రాసేస్తే తప్ప మనసు కుదుటపడదని తెలిసి, అర్ధరాత్రి దాటాక కూర్చున్నాను. తప్పులుంటే మన్నించండి.

అమ్మకు 71 ఏళ్లు. నాన్న పోయాక ఎక్కడికీ రానని కూర్చున్న మనిషి. క్యోటోలో మన దేవతలు ఉన్నారని ఎవరో చెబితే విని, ఒక్కసారి చూడాలని ఆమే అడిగింది. అందుకే వెళ్లాం. మొదటి రోజే సంజూసాన్‌గెండో అనే బౌద్ధ ఆలయానికి తీసుకువెళ్లాను. 120 మీటర్ల పొడవున ఒకే చెక్క మండపం, 1266లో తిరిగి కట్టినది. లోపల 1001 కానన్ విగ్రహాలు, అంటే మన అవలోకితేశ్వరుడు, వరుసల మీద వరుసలుగా నిలబడి ఉంటాయి. వాటి ముందు 28 మంది పరివార దేవతలు. ఆ వరుసలో పక్షి ముఖంతో వేణువు ఊదుతున్న మూర్తిని చూసి అమ్మ ఆగిపోయింది. అక్కడ కరురా అంటారు, మన గరుత్మంతుడే. బ్రహ్మ, ఇంద్రుడు కూడా వేరే పేర్లతో అక్కడే ఉన్నారు. లోపల ఫోటోలు తీయనివ్వరు. అది మంచిదే అయింది, అమ్మ చాలాసేపు చేతులు జోడించుకుని నిలబడగలిగింది.

చిక్కంతా తిండి దగ్గర వచ్చింది. అమ్మ శాకాహారి. పైగా కార్తీకమాసం, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. క్యోటో సముద్రానికి దూరంగా ఉన్న ఊరు కాబట్టి కూరగాయలు, సోయా పాలతో చేసే టోఫు ఎక్కువని చదివి నేను ధైర్యంగా ఉన్నాను. అది నిజమే. కానీ అక్కడ దేన్ని ఉడికించాలన్నా ముందు 'దాషి' అనే కషాయం కావాలి, దాన్ని చాలావరకు ఎండు చేప తురుముతో కాస్తారు. మీసో పులుసులో అదే, సోబా నూడుల్స్ గిన్నెలో అదే, ముల్లంగి ముక్క ఉడికినా అందులోనే. ఫుషిమి ఇనారి గుడి దగ్గర, వరుసగా నిలబెట్టిన ఆ ఎర్రటి తోరణాల కింద నడిచి నడిచి అలసిపోయి, టోఫు సంచిలో అన్నం కూరిన ఇనారిజూషి కొన్నాను. ఒక కొరుకు కొరికి అమ్మ పక్కన పెట్టేసింది. ఆ టోఫు సంచిని కూడా చేప కషాయంలోనే ఉడికించారట. నిషికి బజారులో నూరుకు పైగా దుకాణాలు ఉన్నాయి, క్యోటో వంటిల్లు అని దానికి పేరు. ఆ వంటింట్లో మా అమ్మ అరటిపండ్లు తిని బయటికి వచ్చింది. ఇంటి నుంచి తెచ్చిన అటుకులతో రెండు రోజులు గడిపింది. ఆకలేస్తోందని ఒక్కసారి కూడా అనలేదు.

మూడో రోజు పొద్దున కియోమిజు గుడి. 1633లో కట్టిన మండపం, కొండ అంచున 13 మీటర్ల ఎత్తున మేకులు లేకుండా నిలబడిన చెక్క వేదిక, కింద ఎర్రబడిన మేపుల్ ఆకులు. ఓతోవా జలపాతం దగ్గర పొడవాటి పిడి గరిటెతో నీళ్లు పట్టుకుని, తీర్థం పుచ్చుకున్నట్టే తాగి, మిగిలిన తడిని అమ్మ తలకు రాసుకుంది. మనసు నిండిపోయిందని అంది. అక్కడి నుంచి దిగేటప్పుడే, సన్నెన్‌జకా రాతి మెట్ల మీద జనం ఒత్తిడికి పక్కకు జరిగి, రాత్రి వానకు తడిసిన రాయి మీద కాలు జారింది. కుడి చేయి ఆనించి పడింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది.

నేను అరిచానో లేదో తెలియదు. జనం చుట్టూ ఖాళీ ఇచ్చారు, ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు పక్క సందులో నుంచి నీలం ఏప్రాను కట్టుకున్న ఒక పెద్దావిడ పరుగులాంటి నడకతో వచ్చారు. అమ్మ కంటే నాలుగైదేళ్లు పెద్దగా ఉంటారు. ఆ సందులో ఆవిడకు చిన్న ఊరగాయల దుకాణం ఉంది. పేరు, దుకాణం ఎక్కడా రాయవద్దని రెండు చేతులూ అడ్డంగా ఊపి మరీ చెప్పారు, కాబట్టి రాయడం లేదు. వచ్చీ రాగానే అమ్మ తలను తన ఒడిలోకి తీసుకున్నారు. ఏప్రాను విప్పి మడిచి చేయి కింద పెట్టారు. ఒక చేత్తో అమ్మ నుదురు నిమురుతూ ఇంకో చేత్తో 119కి ఫోను చేశారు. అమ్మను 'ఒకాసాన్' అన్నారు, అమ్మా అని. అమ్మ తెలుగులోనే "అక్కయ్యగారూ, నాకు చెయ్యి విరిగింది" అని చెప్పింది. ఆవిడ అర్థమైనట్టు తల ఊపారు.

అంబులెన్సు మెట్ల దాకా రాలేదు. సిబ్బందే కుర్చీలాంటిది తెచ్చి అమ్మను కింది రోడ్డు దాకా మోసుకువెళ్లారు. తలుపు వేసేముందు వెనక్కి చూస్తే ఆవిడ దుకాణం గుమ్మానికి వేలాడే గుడ్డ తెరను తీసి లోపల పెడుతున్నారు. ఆ తెర తీశారంటే దుకాణం మూసినట్టని నాకు తర్వాత తెలిసింది. ఆకుల రోజుల్లో, వీధి జనంతో కిటకిటలాడే నవంబరు నెల మధ్యాహ్నం, ఆవిడ బేరం మానేసి టాక్సీలో మా వెనకే ఆసుపత్రికి వచ్చారు.

మణికట్టు ఎముక విరిగిందన్నారు. డాక్టరు సరిచేసి కట్టు వేశారు, ఆపరేషను అక్కర్లేదన్నారు. వాళ్ల పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ దేశంలో అంబులెన్సుకు డబ్బు కూడా తీసుకోరు. నా కష్టమంతా ఇక్కడి నుంచి కొన్న ప్రయాణ బీమాతో. పెద్ద వయసని అమ్మకు ఎక్కువ ప్రీమియం కట్టించుకున్నారు, ఏ వేళలో అయినా ఆదుకుంటామని కాగితం మీద రాసిచ్చారు. ఆసుపత్రి నడవాలో నిలబడి ఆ నంబరుకు చేస్తే గంటసేపు నలుగురి చేతులు మారాను. చివరికి తేల్చింది ఏమిటంటే ఆసుపత్రిలో చేరకపోతే నేరుగా డబ్బు కట్టరట, ముందుగా అనుమతి తీసుకోవాలట, మెట్ల మీద పడబోయే ముందు అనుమతి ఎలా తీసుకుంటారో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు జపనీసులో ఉన్న డాక్టరు చీటీకి ధ్రువీకరించిన అనువాదం కావాలంటున్నారు. ఇది కృతజ్ఞత చెప్పుకునే చోటని తెలుసు, కానీ ఈ మాట రాయకపోతే ఆ గంట నా గొంతులోనే ఉండిపోతుంది. తల్లిదండ్రులను బయటి దేశం తీసుకువెళ్లేవాళ్లు దయచేసి ఆ కాగితంలో చిన్న అక్షరాలు చదవండి.

నేను ఫోనులో అలా పోట్లాడుతున్న గంటా ఆవిడ అమ్మ పక్కన కూర్చున్నారు. నేను తిరిగి వచ్చేసరికి తన ఫోనులోని అనువాదం చూపించారు. "ఒకాసాన్ పొద్దుటి నుంచి ఏమి తిన్నారు?" అని ఉంది. నాకు సమాధానం లేదు. అప్పటికి సాయంత్రం నాలుగు. మాంసం, చేప, గుడ్డు తినదని, చేప కషాయం కూడా కూడదని, ఈ నెల ఉల్లి, వెల్లుల్లి తినదని రాసి చూపించాను. ఆవిడ నిదానంగా చదివి, ముఖం విప్పార్చుకుని ఒకే మాట అన్నారు: "షోజిన్!"

అది బౌద్ధ మఠాల్లో సన్యాసుల వంట పేరు. చేప, మాంసం ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. రెండు రోజులుగా నేను వివరించలేక, ఎవరికీ అర్థం కాక, అమ్మ పస్తు ఉన్న విషయం ఆ ఊళ్లో ఎన్నో వందల ఏళ్లుగా అందరికీ తెలిసిన మాటే. నాకు ఆ మాట తెలియదు, అంతే.

దుకాణం వెనక గదికి తీసుకువెళ్లారు. అమ్మకు మోకాళ్లు వంగవని ఒక చెక్క పీట వేశారు. మట్టి కుండలో నీళ్లు, అడుగున కొంబు అనే సముద్రపు నాచు పట్టీ ఒకటి. ఆ పట్టీని నాకు విడిగా చూపించి, "చేప లేదు, చేప లేదు" అని రెండుసార్లు చెప్పారు. ఉత్తరాన హొక్కైడో నుంచి పూర్వం ఓడల మీద వచ్చేదట, అందుకే సముద్రం లేని ఈ ఊరి వంటకు దాని రుచే ఆధారమట. ఆ నీళ్లలో మెత్తటి టోఫు ముక్కలు వేసి వేడి చేశారు. యూదోఫు అంటారు. పక్కన తెల్లన్నం, కొంబుతో ఊరవేసిన పల్చటి టర్నిప్ బిళ్లలు, సెన్‌మాయిజుకే. ఇంకో చిన్న పళ్లెంలో ఊదారంగు వంకాయ ఊరగాయ, షిబజుకే.

చెంచా అమ్మ ఎడమ చేతికి ఇచ్చారు. అమ్మ పట్టుకుని అలాగే ఉండిపోయింది. 71 ఏళ్లుగా ఎడమ చేత్తో ముద్ద ఎత్తని మనిషి. ఆకలితో ఉంది, ఎదురుగా ఆవిరి లేస్తున్న గిన్నె ఉంది, చేయి మాత్రం కదలడం లేదు. ఆవిడకు ఆ కారణం తెలిసే అవకాశమే లేదు. ఒక్క క్షణం చూశారు. చెంచా మెల్లగా తీసుకుని, టోఫు ముక్క చిదిపి, ఊదుకుని చల్లార్చి అమ్మ నోటికి అందించారు. నేను పక్కనే ఉన్నాను. నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. కన్నకూతురిని, నాకు తట్టలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆవిడే తినిపించారు. మధ్యలో అమ్మ షిబజుకే నములుతూ, "వంకాయ ఉప్పులో ఇంత కమ్మగా ఊరుతుందా, ఎన్ని రోజులు ఉంచుతారో అడుగు తల్లీ" అంది. అప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయాను. మా అమ్మ మళ్లీ మా అమ్మలా మాట్లాడింది.

బయలుదేరేటప్పుడు ఆవిడ బొటనవేలంత ఎండు సొరకాయ బుర్రను ఎర్ర దారంతో అమ్మ చేతిసంచికి కట్టారు. జ్ఞాపకంగా ఇచ్చారనుకున్నాం. తర్వాత ఉన్న నాలుగు రోజులూ సాయంత్రం పూట హోటలుకు వచ్చి, గుడ్డలో మూట కట్టిన భోజనం పెట్టె ఇచ్చి వెళ్లారు. ఒక రోజు యుబా, అంటే సోయా పాల మీద కట్టే మీగడ, కొంబు నీళ్లలో ఉడికించి. ఒక రోజు నువ్వుల ముద్దతో చేసిన టోఫు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఎక్కడికి వెళ్లినా చూపించమని, ఏమేమి కూడదో జపనీసులో అందంగా రాసిన ఒక అట్ట కూడా ఇచ్చారు. అది చూపించాక ఆ ఊళ్లో మాకు తిండి చిక్కు రాలేదు.

నాలుగో రోజు హోటలు కౌంటరులో అమ్మాయి సంచికి ఉన్న బుర్రను చూసి, "ఒకాసాన్ సన్నెన్‌జకాలో పడ్డారా?" అని అడిగింది. ఎలా తెలిసిందంటే తటపటాయించి చెప్పింది. సన్నెన్ అంటే మూడేళ్లు. ఆ మెట్ల మీద పడినవాళ్లు మూడేళ్లలో పోతారని పాత నమ్మకమట. ఈ బుర్ర దగ్గర ఉంటే ఆ కీడు తగలదట, అందుకే అక్కడ దుకాణంలో అమ్ముతారట. పెద్దావిడ మాకు ఈ సంగతి చెప్పనే లేదు. మేం భయపడతామని, భయానికి ముందే విరుగుడు కట్టేసి ఊరుకున్నారు.

ఆ సాయంత్రం ఆవిడను అడిగాను. తల వంచుకున్నారు. చాలాసేపు ఫోనులో రాసి చూపించారు. ఆ వాలుకు ఇంకో పేరుందట, సన్నెయ్‌జకా. సుఖప్రసవం కోసం మొక్కుకునే కొయాసు గోపురానికి ఆ దారినే వెళ్లేవారట. "అది తల్లుల దారి. ఒకాసాన్‌కు ఏమీ కాదు" అని ఉంది.

ఇంకేమి రాయను. ఆవిడకు తెలుగు రాదు, ఇది చదవరు. అయినా రాయాలి.

తమ్ముడు రాత్రికి రాత్రి డబ్బు పంపాడు. మావారు పిల్లలను చూసుకున్నారు, అత్తయ్య వంట చూసుకున్నారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, ఒసాకాలో ఉంటున్న తెలుగబ్బాయిని మరచిపోయాను. స్నేహితురాలి ద్వారా నంబరు దొరికితే, ఆఫీసు పని మధ్యలో డాక్టరు మాటలన్నీ ఫోనులో తెలుగులోకి మార్చి చెప్పారు. బాబూ, నీ మేలు మరవను. అంబులెన్సు సిబ్బంది ముగ్గురికీ దండం. అమ్మ కళ్లజోడు మెట్ల మీద ఎటో పడిపోతే, విహారయాత్రకు వచ్చిన ఇద్దరు బడి పిల్లలు వెతికి, తుడిచి, రెండు చేతులతో అందించి పరుగెత్తారు, వాళ్ల ముఖాలు కూడా సరిగా చూడలేదు. విమానంలో తన సీటు ఇచ్చి అమ్మ చేయి చాపుకునే వీలు చేసిన ఆయనకు కూడా. మా తులసికోటకు నీళ్లు పోసి దీపం పెట్టిన ఎదురింటి పిన్నిగారికి కూడా.

అమ్మ లేచింది. ఏం రాస్తున్నావని అడిగితే చదివి వినిపించాను. ఆఖరి రోజు పెట్టె కట్టిన గుడ్డ మన దగ్గరే ఉండిపోయింది కదా, అది రాయలేదేమని అడుగుతోంది. నిజమే, పెట్టెలో ఉంది, ఉతికి పంపాలి. ఉత్త గుడ్డ పంపకూడదట, ఉల్లి, వెల్లుల్లి వేయని నిమ్మకాయ ఊరగాయ అందులో కట్టి పంపమంటోంది. జపానుకు పోస్టులో ఊరగాయ పంపనిస్తారో లేదో రేపు కనుక్కోవాలి.