విలేకరి రాశాడు సరే, డెస్క్ ఏం చేసింది?

సంపాదకులు గారికి,

నమస్కారం. పరిశోధనాత్మక కథనాల ప్రస్తావన వస్తే చాలు, అమెరికా విలేకరి గ్యారీ వెబ్ పేరు రెండు రకాలుగా వినిపిస్తుంది. నిజం రాసి బలైపోయాడని కొందరంటారు, లేని కుట్రను అల్లాడని మరికొందరు. రెండు పక్షాలూ ఆయన పనిచేసిన పత్రిక డెస్క్‌ను, అంటే కాపీ దిద్ది అచ్చుకు పంపే వాళ్లను, వదిలేస్తున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మండల విలేకరులకు ఆయన వృత్తి జీవితం నుంచి నేర్పాల్సింది ఏదైనా ఉంటే అది అక్కడే ఉంది.

వెబ్ 1978లో కెంటకీ పోస్ట్‌లో చేరి, బొగ్గు వ్యాపారంలోని నేరగాళ్ల మీద 17 భాగాల వరుస కథనాలు మరొకరితో కలిసి రాశాడు. తర్వాత క్లీవ్‌లాండ్ ప్లెయిన్ డీలర్‌కు, అక్కడి నుంచి శాన్ హోసే మెర్క్యురీ న్యూస్‌కు వెళ్లాడు. 1989 అక్టోబరు భూకంపంపై ఆ పత్రిక సిబ్బంది చేసిన రిపోర్టింగ్‌కు 1990లో పులిట్జర్ బహుమతి వచ్చింది, ఆ బృందంలో ఆయన ఉన్నాడు. ఎక్కువగా కోర్టు కాగితాలు, ప్రభుత్వ రికార్డుల ఆధారంగానే రాసేవాడు.

1995లో, కొకైన్ కేసులో ఇరుక్కున్న ఒక వ్యక్తి స్నేహితురాలు ఫోన్ చేయడంతో అసలు కథ మొదలైంది. నికరాగ్వాకు చెందిన డానిలో బ్లాండోన్ అనే కొకైన్ వ్యాపారి ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం వెబ్ చేతికి చిక్కింది. మరుసటి ఏడాది శాన్ డియాగోలో రిక్ రాస్ అనే లాస్ ఏంజెలెస్ క్రాక్ (పొగలా పీల్చే కొకైన్) వ్యాపారి విచారణలో అదే బ్లాండోన్ ప్రభుత్వం తరఫు సాక్షిగా బోనెక్కాడు. కొకైన్ అమ్మిన సొమ్ములో కొంత, అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మద్దతుతో నికరాగ్వా ప్రభుత్వంపై పోరాడుతున్న కాంట్రాలకు పంపామని చెప్పాడు. 'డార్క్ అలయెన్స్' పేరుతో 1996 ఆగస్టు 18 నుంచి మూడు రోజులు నడిచిన కథనాలకు పునాది ఇదే. పత్రాలను ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. 1996లో దినపత్రికలకు అది కొత్త.

పునాది గట్టిదే. పైన కట్టిన గోడల్లో కొన్ని బీటలు వారాయి. 1997 మే 11న ఆ పత్రిక ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ జెర్రీ సెపోస్ నాలుగు లోపాలు ఒప్పుకుంటూ కాలమ్ రాశాడు. పరస్పరం పొసగని ఆధారాలున్న చోట ఒకే అర్థం ఇచ్చాం. డబ్బు అంచనాలను నిర్ధారిత నిజంలా రాశాం. క్రాక్ వ్యసనం వ్యాపించిన తీరును మరీ సులువు చేసి చెప్పాం. పదాల్లో, బొమ్మల్లో అపార్థానికి తావిచ్చాం. ఆయన చెప్పిన సారం ఇది. బొమ్మ అంటే సీఐఏ ముద్ర మీద క్రాక్ తాగుతున్న మనిషి నీడ. కథనం అననిది ఆ బొమ్మ అనేసింది. పైగా సీఐఏ ఏమంటుందో కథనంలో లేదు. రాస్ తరఫు న్యాయవాదికి వెబ్ ప్రశ్నలు అందించడం మీద కూడా విమర్శలొచ్చాయి. ఆ విమర్శ సబబే. సాక్షి నోట ఏం రావాలో విలేకరి ఏర్పాటు చేయకూడదు.

1996 అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్, లాస్ ఏంజెలెస్ టైమ్స్, న్యూయార్క్ టైమ్స్ వరుసగా దాడికి దిగాయి. లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఒక్కటే 17 మందిని ఆ పనిలో పెట్టింది. అంత బలగాన్ని కాంట్రాల వ్యవహారం తవ్వడానికి వాడలేదు, తోటి విలేకరి కథనంలో బొక్కలు వెతకడానికి వాడారు. ఆ జట్టులోని ఒకరు 2013లో బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. 1998లో సీఐఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక రెండు సంపుటాలుగా వచ్చింది. సంస్థే కుట్ర చేసి మత్తుమందు తెచ్చిందనడానికి ఆధారం లేదంది. మత్తుమందు వ్యాపారం చేస్తున్నారన్న ఆరోపణలున్న వాళ్లతో సంబంధాలు తెంచుకోలేదనీ, వాళ్ల నేరాలను తెలపాల్సిన పని లేకుండా 1982లో న్యాయశాఖతో ఒప్పందం ఉందనీ కూడా అంది. అంటే వెబ్ ఎత్తిన ప్రశ్న సరైనదే.

అప్పటికే ఆయన్ని క్యూపర్టినో అనే చిన్న ఊరి బ్యూరోకు పంపేశారు. ఇల్లూ పిల్లలూ శాక్రమెంటోలో. 1997 చివర్లో రాజీనామా చేశాడు. పెద్ద దినపత్రికల్లో మళ్లీ ఉద్యోగం దొరకలేదు. 2004 డిసెంబరు 10న, 49 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. హత్య అన్న పుకారు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. మరణ కారణం నిర్ధారించే అధికారి కరోనర్ తేల్చింది ఆత్మహత్య అనే. వెబ్‌ను అభిమానించేవాళ్లే ఆధారం లేని ఆ మాటను మోయడం బాధాకరం.

సెపోస్ చెప్పిన నాలుగు లోపాల్లో ఏ ఒక్కటీ విలేకరి ఒంటరిగా చేయగలిగింది కాదు. లీడ్‌లో, అంటే కథనం తొలి పేరాలో, అంకెను నిలదీయాల్సింది డెస్క్. బొమ్మను ఆమోదించేది డెస్క్. 'అవతలి వాళ్ల వివరణ ఏది?' అని కాపీని వెనక్కి పంపాల్సిందీ డెస్కే. కాలమ్ రాసింది ఎడిటరు, బదిలీ అయింది విలేకరి.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. హిరమండలంలోనో సాలూరులోనో ఒక కంట్రిబ్యూటర్‌కు, అంటే జీతం లేని మండల విలేకరికి, ఉపాధి హామీ మస్టర్ (కూలీల హాజరు పట్టీ) నకలు దొరికిందనుకోండి. ఊళ్లో విచారిస్తే కొన్ని పేర్లు చనిపోయిన వాళ్లవి, కొన్ని చెన్నైకి, హైదరాబాద్‌కు వలస వెళ్లిన వాళ్లవి. అక్కడితో ఆగి ఆ పేర్లు, ఆ వారం కూలి మొత్తం రాస్తే కథనం రాయిలా నిలుస్తుంది. కానీ ఆ దొంగ పేర్లను పంచాయతీ అంతటికీ, ఏడాది మొత్తానికీ హెచ్చించి 'లక్షల్లో స్వాహా' అని శీర్షిక పెడతారు. 'డార్క్ అలయెన్స్'లో డబ్బు లెక్క తప్పింది ఇలాగే. వలస వెళ్లిన వాడు సంక్రాంతికి ఊరొచ్చి ఆ వారం పనికి వెళ్లి ఉండొచ్చు. పక్కింటివాడి మాట ఒక్కటే చాలదు, పంచాయతీలో వర్గాలుంటాయి. కుటుంబ సభ్యుడితో మాట్లాడాలి, ఆ వ్యక్తికే ఫోన్ చేయాలి, కూలి జమైన ఖాతా ఎవరిదో చూడాలి. చెరువు పూడికతీత అయితే ఎం.బుక్ (పని కొలతల పుస్తకం)లోని పొడవు, వెడల్పు, లోతు తీసుకుని టేపుతో గోతులు కొలవాలి, అదీ వానలు పడకముందే. ఒండ్రు చేరాక కొలిస్తే తక్కువే వస్తుంది, పని కొలిచే టెక్నికల్ అసిస్టెంట్ ఆ ఒక్క మాటతో కథనాన్ని కొట్టేస్తాడు.

సమాచార హక్కు దరఖాస్తుల్లోనూ ఎక్కువ నష్టం అడిగే తీరులోనే జరుగుతోంది. 'అవినీతి జరిగిందా, ఎందుకు చర్య తీసుకోలేదు' అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఫలానా పనికి మస్టర్లు, ఎం.బుక్ పేజీలు, చెల్లింపు వోచర్ల నకళ్లు అని అడగాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. సమాధానానికి 30 రోజులు గడువు, తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ పైన 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేయొచ్చు, వాడిన సామగ్రి నమూనా కూడా తీసుకోవచ్చు. సిమెంటు రోడ్ల విషయంలో దీన్ని వాడుకునేవాళ్లు అరుదు. 2023 డేటా పరిరక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను మార్చింది కాబట్టి వ్యక్తిగత వివరాలంటూ నిరాకరించడం సులువైంది. అప్పీలులో 8(2)ను, అంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న నిబంధనను ఎత్తి చూపాలి. దరఖాస్తు మాత్రం మండల విలేకరి పేరుతో వేయించకండి. జిల్లా కేంద్రంలోని స్టాఫర్ పేరుతో వేయండి. మండలాఫీసులో కాగితం పడిన సాయంత్రానికే కాంట్రాక్టరుకు తెలిసిపోతుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఆడియోను నమ్ముకుని రాసేటప్పుడు ఒరిజినల్ ఫోన్‌ను కదపకుండా ఉంచాలి. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం కోర్టులో హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తుతో) కూడిన ధ్రువపత్రం కావాలి. ఫార్వర్డ్ అయిన కాపీ అక్కడ నిలవడం కష్టం. పరువునష్టానికి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 356 కింద రెండేళ్ల వరకు జైలు. నిజమే రాశానంటే చాలదు, ప్రజాహితం కోసం రాశానని కూడా చూపాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ వ్యాధి వార్తల్లో సెపోస్ చెప్పిన మొదటి లోపం, పొసగని ఆధారాలకు ఒకే అర్థం ఇవ్వడం, మనకు ఏళ్ల తరబడి కనిపిస్తోంది. ఆ వ్యాధికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. అయినా ఒకసారి నీళ్లలో సిలికా, ఇంకోసారి పురుగుమందులు అని తేలిపోయినట్టే శీర్షికలు వస్తాయి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరుల్లో జనం వాటిని చదివి బావులు మారుస్తారు, మందులు మానేస్తారు. ఏ పరిశీలన ఎక్కడ, ఎంతమందిపై జరిగిందో చెప్పి, మిగతా అనుమానాలను కూడా పక్కనే రాయాలి.

ఈ పద్ధతి మన ప్రాంతానికి పరాయిది కాదు. విజయనగరంలోనే గురజాడ 1897లో 'కన్యాశుల్కం' తొలి కూర్పు ముందుమాటలో, విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల్లో (డబ్బు తీసుకుని పిల్లనిచ్చేవి) జాబితాకెక్కినవి 1,034 అనీ, వాటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది అనీ రాశారు. ఆ జాబితా పూర్తిది కాదనీ, అన్నిచోట్లా కచ్చితం కాదనీ కూడా అక్కడే చెప్పారు. లెక్క బలాన్నీ, హద్దునూ ఒకే చోట పెట్టారు.

కంట్రిబ్యూటర్‌కు లైన్ అకౌంట్ (అచ్చయిన వరుసల లెక్క) మీద డబ్బిస్తూ, ప్రకటనల టార్గెట్ కూడా అతని మీదే పెడితే పై పనులేవీ జరగవు. ఎవరి దగ్గర ప్రకటన అడగాలో ఆయన పనుల మీదే రాయమంటే ఎవరైనా ఏం రాస్తారు? ఇందుకు మీకు నా విన్నపాలు ఇవి. పరిశోధన కథనం రాసే విలేకరికి ఆ నెల ప్రకటనల బాధ్యత తీసేయండి. కథనానికి ఆధారమైన ప్రతి కాగితం నకలు, ఎవరితో ఏ తేదీన మాట్లాడారన్న నోటు, అధికారి వివరణ కోరుతూ పంపిన సందేశం కలిపి ఒక ఫైలుగా అచ్చుకు ముందే డెస్క్ దగ్గర ఉంచండి. లీడ్‌లోని ప్రతి అంకెకు ఫైలులో పేజీ నంబరు రాయించి, చూసిన సబ్ ఎడిటర్ చేత సంతకం పెట్టించండి. తప్పు దొర్లితే సవరణ అదే పేజీలో, కథనం వచ్చిన చోటే వేయండి. నోటీసు వస్తే న్యాయవాది ఖర్చు యాజమాన్యం భరిస్తుందని విలేకరికి ముందుగానే రాతపూర్వకంగా ఇవ్వండి. ఫాలోఅప్ కూడా అతని చేతనే రాయించండి.

భవదీయుడు,
విశ్రాంత సబ్ ఎడిటర్, విజయనగరం