సెన్సార్ పెట్టించుకోవాలా, వద్దా: కర్నూలులోని మిత్రుడికి

అనంతపురం

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అందింది. చేతికి అతికించుకునే షుగర్ సెన్సార్ నీకు అవసరమా, వృథా ఖర్చా అని అడిగావు. నీకు అవసరమేనని నా అభిప్రాయం. అయితే ఎల్లకాలానికీ కాదు, ముందు రెండు వారాలకు.

మాత్రలతోనే షుగరు నిలకడగా ఉండి, ఎప్పుడూ బాగా పడిపోనివారికి షుగరు సగటు చూపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష మూడు నెలలకొకసారి, అప్పుడప్పుడు గ్లూకోమీటరు చాలావరకు సరిపోతాయి. నీ సంగతి వేరు. రాత్రి ఇన్సులిన్ వేసుకుంటావు, నడిరాత్రి చొక్కా తడిసేంత చెమటతో మేలుకుంటున్నానని రాశావు, తెల్లవారి పరగడుపున చూస్తే 190 కనిపిస్తోందన్నావు. ఆ అంకె తెల్లవారినప్పటి సంగతినే చెబుతుంది. రాత్రి షుగరు 70 కంటే కిందికి జారిందా, లేక తెల్లవారుజామున హార్మోన్ల ప్రభావంతో కాలేయం విడుదల చేసే గ్లూకోజు వల్ల పెరిగిందా అన్నది దానితో తేలదు. తేలకుండానే ఇన్సులిన్ పెంచితే ప్రమాదం. హెచ్‌బీఏ1సీ కూడా సుమారు మూడు నెలల సగటే కనుక, ఎత్తుపల్లాలను దాచేస్తుంది. నిద్రపోతున్నప్పుడు కూడా కొలుస్తూ ఉండేది సెన్సారే.

అయితే అది రక్తాన్ని కాక, చర్మం కింది కణాల మధ్య ద్రవాన్ని కొలుస్తుంది. అందువల్ల షుగరు వేగంగా మారేటప్పుడు ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడుతుంది. సెన్సార్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని తగ్గుదల చూపవచ్చు. మొదటి రోజు అంకెలను అంతగా నమ్మకూడదు. ఒంట్లో తేడాగా ఉండి, అంకె మాత్రం బాగుందంటే వేలి సూదితో సరిచూడాలి. కొన్ని రకాలు ఫోన్ దగ్గర పెడితేనే అంకె చూపుతాయి. నీకు కావలసింది తగ్గగానే అలారం మోగించేది. అది నీ ఫోన్లో పనిచేస్తుందో లేదో దుకాణంలోనే అడుగు. మీ ఊరి వేసవి చెమటకు పట్టీ ఊడిపోవచ్చు కనుక, పైన అతికించే అదనపు పట్టీ కూడా తీసుకో.

సాధారణంగా వయోజనుల షుగరు రోజులో కనీసం 70 శాతం సమయం 70–180 మధ్య ఉండాలని, 70 లోపల ఉండే సమయం 4 శాతం కంటే తక్కువ ఉండాలని లక్ష్యం పెడతారు. వయసు మళ్ళినవారికి కింది హద్దు మరింత జాగ్రత్తగా నిర్ణయిస్తారు. నీ లక్ష్యం డాక్టరుగారే చెప్పాలి. ఆ రెండు వారాలూ తిన్న వేళ, పరిమాణం రాసుకో. ఉగ్గానికి ఎంత పెరిగింది, రాగి సంగటికి ఎంత పెరిగింది నీ కళ్ళతోనే చూస్తావు. రాగి మంచిదే గానీ, ముద్ద పెద్దదైతే అదీ పిండిపదార్థమే. నీ ఆత్రం నాకు తెలుసు కనుక చెబుతున్నాను: అంకె చూసి నీ అంతట నీవు ఇన్సులిన్ మార్చవద్దు, అదనంగా వేసుకోవద్దు.

సెన్సార్ వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే డాక్టరుగారికి ఆ చెమటల సంగతి చెప్పు. మళ్ళీ అలా మేలుకుంటే వెంటనే వేలితో చూసుకుని, 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట తరువాత మళ్ళీ చూడు. గ్లూకోమీటరు, చక్కెర డబ్బా మంచం పక్కనే ఉంచమని చెల్లెమ్మకు నా మాటగా చెప్పు.

నీ
మధు