పళ్లెం చూపిస్తారు, కొండ చూపించరు

సంపాదకులకు,

స్కాట్లాండ్‌లో ఉంటున్నాను. ఇక్కడి టీవీ వంటల పోటీల్లో జింక మాంసం తరచూ కనిపిస్తుంది. అంచున వేగిన రంగు, నడుమ గులాబీ రంగు, పక్కన చిక్కటి సాస్. అది కొండ దిగి ఎలా వచ్చిందో మాత్రం చూపించరు. వేటగాడు గాలికి ఎదురుగా, తడి గడ్డిలో గంటలకొద్దీ పాకుతాడు. పడ్డ జంతువు పేగులు అక్కడే తీసేసి, రోగమేమైనా ఉందా అని గ్రంథులు పట్టి చూస్తాడు. తోడేళ్లు ఎప్పుడో అంతరించాయి కాబట్టి ఎర్రజింకలు పెరిగిపోయి లేత మొక్కల్ని మేసేస్తున్నాయి. అది చెప్పకపోతే వేటంటే కొమ్ముల కోసం డబ్బున్నవాళ్ల సరదా అనుకుంటారు జనం.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. ఇలాంటి వీడియోలు మన పిల్లలూ ఫోన్లలో చూస్తున్నారు. ఆ తేడా తెరమీద ఒక్క వరుసైనా వేయాలి.

– ఒక పాఠకుడు, ఇన్వర్‌నెస్